‘అమ్మ చెడ్డది’ అన్నదెవరు?

“మా బాబుకి నాలుగున్నరేళ్లు. అడిగింది ఇవ్వకపోతే కొడతాడు, కొరుకుతాడు, చేతిలో ఉన్నది విసిరేస్తాడు. స్కూల్ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. టెన్షన్‌లో నేనూ చెయ్యి చేసుకుంటున్నాను. నేను కోప్పడితే మా ఆయన వాణ్ణి ఎత్తుకుని ‘అమ్మ చెడ్డది’ అంటూ సెల్‌ఫోన్ చేతిలో పెడతారు. నా పెంపకం బాగాలేదని అత్తగారి మాట. ఎన్నాళ్లు థెరపీకి పంపితే మారతాడు? మందులు వాడాలా?”
- ఒక తల్లి, గుంటూరు

వాణ్ణి పంపి మీరు ఇంట్లో కూర్చునే థెరపీ కాదమ్మా ఇది. మీరిద్దరూ వెళ్లాలి. ఈ వయసులో మొదట కావలసింది తల్లిదండ్రులకు శిక్షణ, మందుల మాట తర్వాత. అయితే ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి, మాట సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోండి. చెప్పుకోలేక కొట్టే పిల్లలుంటారు.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ‘అమ్మ చెడ్డది’ అన్న మాట. మీవారు సరదాకే అని ఉండవచ్చు. కానీ అమ్మ మాటకు ఇంట్లో విలువ లేదనీ, కొడితే ఫోన్ వస్తుందనీ వాడు నేర్చుకున్నది అక్కడే. అత్తగారి సంగతి వదిలేయండి. ఆవిడ కొడుకు, అంటే మీవారు, మీ పక్కన నిలబడితే ఆవిడే తగ్గుతారు.

అమెరికాలో 1970లలో షీలా ఐబర్గ్ అనే సైకాలజిస్టు రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీని రూపొందించారు. అందులో థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ, పిల్లాడితో ఆడుతున్న తల్లికో తండ్రికో ఇయర్‌ఫోన్‌లో మాట అందిస్తారు. ఇంట్లో రోజూ ఐదు నిమిషాల ఆట. ఆ కాసేపు వాడు చెప్పినట్టే ఆట సాగాలి. “ఇదేం రంగు?” అని పరీక్షలు పెట్టకూడదు, “అలా కాదు” అనకూడదు. “కారు నెమ్మదిగా పెట్టావు, బాగుంది” అని చేసిన పనిని చెప్పి మెచ్చుకోవాలి. ఆ చనువు కుదిరాకే, మాట చెప్పి దాని మీద నిలబడటం తల్లిదండ్రులకు నేర్పుతారు.

ఏడుపుకు లొంగడం మానేసిన కొత్తలో ఏడుపు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడు నాన్న ఫోన్ ఇచ్చారంటే మీ కష్టమంతా వృథా.

బిడ్డ ముందు మిమ్మల్ని చులకన చేస్తుంటే ఊరుకోవడాన్ని నేను ఓర్పు అనను. ఈ రాత్రి వాడు పడుకున్నాక ఆయనతో నెమ్మదిగా చెప్పండి: “నాది తప్పనిపిస్తే తర్వాత నాతో అనండి, వాడి ముందు వద్దు.” మీరూ చెయ్యి ఎత్తనని ఆయనకు మాటివ్వండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి అడగండి. తల్లిదండ్రులను కూర్చోబెట్టి నేర్పే చైల్డ్ సైకాలజిస్టు కావాలని చెప్పండి. అపాయింట్‌మెంట్ మాత్రం మీవారికి సెలవున్న రోజే తీసుకోండి.