వానకు ఇంటి ముందు నీళ్లు నిలిచి లాన్ కుళ్లిపోతుంటే

కావలి దగ్గర కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నామని, కార్తీకం వానలకు లాన్‌లో వారమైనా నీళ్లు ఇంకడం లేదని, రెండు ట్రాక్టర్ల ఇసుక తోలించి మళ్లీ గడ్డి వేయొచ్చా అని అడిగారు. ఇప్పుడే తోలించకండి. ముందు కింద ఏముందో చూడండి.

మాది కోవూరు వైపు. మా లేఅవుట్ ఒకప్పుడు వరి మడి. ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి బురదగా దున్ని దమ్ము చేసిన మడిలో జానెడు లోతున మట్టి బిగుసుకుని గట్టి పొర కడుతుంది. వరికి నీళ్లు నిలబెట్టేది అదే, లాన్‌ను చంపేదీ అదే. దాని మీద గ్రావెల్ పోసి రోలర్ తొక్కిస్తే ఇక నీరు దిగే దారే ఉండదు. మా ముంగిట్లో పలుగు వేస్తే పైన మెత్తగా దిగి టక్కున ఆగింది. పెళ్ల తీసి చూస్తే బూడిద రంగు మట్టి, మురుగు వాసన. గడ్డి వేళ్లు నల్లబడి అక్కడికే ఆగిపోయాయి. పక్కనే తుంగ మాత్రం ఏపుగా ఉంది. మీ లాన్‌లోనూ తుంగ ఒక్కచోటే గుంపుగా లేస్తుంటే అక్కడే తవ్వి చూడండి.

డాబా మీది వాన నీటి పైపు లాన్‌లోకి వదిలారేమో చూసి, ముందు దాన్ని మళ్లించండి. చాలా ఇళ్లలో సగం బాధ దానివల్లే. తర్వాత మేస్త్రీతో లెవెల్ ట్యూబ్, అంటే ఎత్తుపల్లాలు చూసే నీళ్ల గొట్టం, పట్టించి, గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండు అంగుళాల వాలు తీయించండి. పల్లపు అంచున ఆ గట్టి పొరను దాటేలా కాలువ తవ్వి, జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, 20 ఎంఎం కంకర మధ్య చిల్లుల పీవీసీ పైపు వేయించాలి. గుడ్డ ఖర్చు దండగంటారు, వినకండి. అది లేకపోతే బంకమట్టి చేరి కంకర పూడిపోతుంది. నీళ్లు పక్కవాళ్ల స్థలంలోకి పోకుండా చూసుకోండి.

రోడ్డు ఎత్తయి ఆ పైపు నీళ్లు వీధి కాలువలోకి పోయే వాలు దొరక్కపోతే ఇంకుడు గుంతే గతి. అదీ అడుగున ఇసుక పొర తగిలితేనే పనిచేస్తుంది. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానులాంటి వానకు వీధి కాలువే నిండిపోతే ఏ పైపూ లాగదు. తెరిపిచ్చాక ఎంత త్వరగా దిగుతుందన్నదే లెక్క.

బంకమట్టిలో కొద్దిగా ఇసుక కలిపితే ఎండకు ఇంకా బిగుస్తుంది. గట్టి పొర పగలగొట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. తుంగ గడ్డలు ఏరకుండా కొత్త గడ్డి వేయొద్దు. సంక్రాంతి దాటి నేల ఆరాక గరిక జాతి గడ్డి నాటండి, తడిని కొంత ఓర్చుకుంటుంది. అప్పటిదాకా ఆ బురదలో ఎవరినీ తిరగనివ్వకండి, తొక్కేకొద్దీ మట్టి ఇంకా బిగుసుకుపోతుంది.