ముందు చుట్టాలు, తర్వాతే కోటలు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. సెలవుల్లో పిల్లాణ్ణి తీసుకుని చుట్టాలందరినీ చూసి, దారిలో పాత కట్టడాలు కూడా చూపించుకొస్తానని రాశావు. చాలా సంతోషం. ఒక్కటి మాత్రం చేయి. ఎవరింటికి ఏ పూట వెళ్తావో ముందు తేల్చుకో. కోటలూ మ్యూజియంలూ మిగిలిన టైంలో పెట్టుకో.

నేను దీన్ని తలకిందులు చేశాను. ఒకసారి సాయంత్రానికల్లా వస్తానని మా మేనత్తకు చెప్పి, కోటలో తిరుగుతూ పొద్దు మరిచిపోయాను. చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది. ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున నా రైలు. మళ్ళీ వెళ్దాం అనుకుంటుండగానే ఆవిడ పోయింది. ఆ కోటను తర్వాత రెండుసార్లు చూశాను.

చుట్టాలకు ఫోన్ చేసినప్పుడు వచ్చే రోజే కాదు, బయల్దేరే రోజు కూడా చెప్పు. వాళ్ళకీ ఆఫీసులూ, పిల్లల పరీక్షలూ, మోకాళ్ళ నొప్పులూ ఉంటాయి. ఇల్లు ఇరుకని తెలిస్తే దగ్గర్లో గది తీసుకో, నొచ్చుకుంటారని మొహమాటపడకు. రోజుకు ఒక్క ఇంటికే వెళ్ళు. మూడిళ్ళు పెట్టుకుంటే ఎక్కడా స్థిమితంగా కూర్చోలేవు.

కట్టడాల విషయంలో వారపు సెలవు చూసుకోకుండా బయల్దేరకు. అజంతా సోమవారం మూసేస్తారు, ఎల్లోరా మంగళవారం. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం. ఎక్కడైనా సరే, తలుపులు తీసే వేళకి అక్కడుంటే ఎండా తక్కువ, జనమూ తక్కువ. మధ్యాహ్నానికల్లా చుట్టాలింటికి చేరుకోవచ్చు కూడా.

ఇంకో మాట. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు నడవగలిగితే వాళ్ళనీ వెంట రమ్మను. ఆ ఊళ్ళోనే ఏళ్ళ తరబడి ఉన్నా, ఎవరో ఒకరు తీసుకెళ్తే తప్ప అటు వెళ్ళనివాళ్ళు చాలామంది. మెట్లెన్ని, కూర్చోడానికి నీడ ఉందా, బాత్రూం ఎంత దూరం అని ముందే కనుక్కో. అక్కడికెళ్ళాక తొందరపెట్టకు. తమ చిన్నప్పుడు ఆ గోడల దగ్గర ఏం ఆడుకున్నారో, ఏ వైపు కూలిందో వాళ్ళు చెబుతుంటే విను. అవి ఏ బోర్డు మీదా ఉండవు. అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకో.

పిల్లాడు గోడల మీది బొమ్మల్ని ముట్టుకోబోతే గట్టిగా అరవకు, లాస్కో గుహ కథ చెప్పు. ఫ్రాన్స్‌లో 1940లో ఆ గుహ బయటపడింది. లోపల వేల ఏళ్ళ కిందటి ఎద్దుల, గుర్రాల బొమ్మలు. 1948 నుంచి జనాన్ని లోపలికి పంపారు. అంతమంది వదిలిన ఊపిరికి, తేమకి, దీపాల వెలుగుకి బొమ్మల మీద పచ్చటి నాచు పట్టింది. 1963లో మూసేశారు. ఇప్పుడు జనానికి చూపించేది దాని నకలు. ఊపిరే అంత పని చేస్తే, చెమట చేతులు ఏం చేస్తాయో వాడికే అర్థమవుతుంది.

చివరగా, మెత్తటి పెన్సిల్ ఒకటి సంచిలో వేసుకో. ఏ ఇంట్లోనైనా పాత ఫోటోలు బయటికి తీస్తే, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కరూ ఎవరో అడిగి, వెనక అంచున పేర్లు రాసిపెట్టు. పెన్ను వద్దు, సిరా ముందు వైపుకి ఊరుతుంది. మేనత్త ఆల్బమ్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో మా తాతయ్య చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లాడు ఎవరో చెప్పగలిగేది ఆవిడ ఒక్కతే. ఆ రాత్రి అడగలేకపోయాను.

ఇల్లు చేరగానే ఫోన్ చేయి.

మీ బాబాయి