చింతపిక్కల జిగురు అట్టకి సరే, కాగితానికి వద్దు

ప్రశ్న: పర్లాకిమిడిలోని మా చిన్న గ్రంథాలయంలో 1936కి ముందు, అంటే మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు అచ్చయిన తెలుగు పుస్తకాలు రెండు బీరువాలున్నాయి. ఫారాలు చిరిగాయి, అట్టలు ఊడాయి. పటచిత్రాలకి వాడే చింతపిక్కల జిగురుతో బైండు చెయ్యొచ్చా? మైదా జిగురులో మైలతుత్తం కలపమంటున్నారు, కలపాలా?

జవాబు: మైలతుత్తం చిటికెడు కూడా వద్దండీ. పురుగుని ఆపే మాట నిజమే. కానీ అందులో ఉన్న రాగి కాగితపు పీచుని ఏళ్ల తరబడి విరగదీస్తూనే ఉంటుంది. పైగా విషం. ఆ కాలపు కాగితం చాలావరకు కొయ్యగుజ్జుతో చేసింది, తయారీలో పటిక పడింది. ఇప్పటికే ఆమ్లం నిండి ఉన్న కాగితానికి రాగి కూడా తోడు చెయ్యకండి.

చింతపిక్కల జిగురు గట్టిది, అట్టలకి భేషుగ్గా పనికొస్తుంది. పిక్కలు వేయించి, దంచి, ఎర్ర పొట్టు పూర్తిగా తీసెయ్యండి; పొట్టు మిగిలితే జిగురు గోధుమరంగుకి తిరిగి బట్టకి మరక పడుతుంది. పప్పు రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి. 50 గ్రాముల పప్పుకి అర లీటరు చన్నీళ్లు కలిపి, ఆ తర్వాతే పొయ్యెక్కించి, సన్నటి సెగమీద అరగంట కలుపుతూ ఉడికించండి. మరిగే నీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. పాత నూలు బట్ట నాలుగు పొరలు దీంతో అతికి, బరువు కింద ఆరబెడితే మంచి అట్ట వస్తుంది. ఒకవైపే కాగితం అతికిస్తే ఆరేటప్పుడు అట్ట అటే వంగుతుంది, అందుకని లోపలి వైపూ అంతే మందం కాగితం వెయ్యండి.

పుటలకి మాత్రం గోధుమ గంజిపిండి జిగురొక్కటే. ఎందుకంటే రేపు ఎవరైనా తడిపి విప్పుకోగలగాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఆరాక అలా విడిరాదు. మాడుగుల హల్వాకి గోధుమ పాలు తీస్తారే, ఇదీ దాదాపు అలాంటి పనే. పావుకిలో మైదా ముద్ద కలిపి అరగంట ఉంచి, నీళ్లలో పిసకండి. చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది, దాన్ని పారెయ్యండి. పురుగుకి ఇష్టమైన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. పాలు వడకట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పైనీళ్లు వంపేస్తే అడుగున తెల్లటి పిండి ఉంటుంది. బయట ఉంచితే పులిసిపోతుంది, పులిస్తే ఆమ్లమే. పిండిని నీడన ఆరబెట్టి, ఒక వంతుకి ఐదు వంతుల నీళ్లు పోసి, తెల్లదనం పోయి అద్దంలా మెరిసేదాకా ఉడికించండి. చల్లారాక సన్నటి జల్లెడలో రెండుసార్లు నొక్కి దింపండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

చిరుగుమీద అతికే జపాన్ టిష్యూని, అంటే పొడవాటి పీచున్న పల్చటి కాగితాన్ని, కత్తెరతో కొయ్యకండి. తడి కుంచెతో గీత గీసి, ఆ గీతమీద మెల్లగా లాగితే అంచున పీచులు వెంట్రుకల్లా బయటికొస్తాయి. చిరుగుని పట్టుకునేవి ఆ పీచులే. సిరా రాతలూ గ్రంథాలయం ముద్రలూ తడికి పాకుతాయి, కాబట్టి ముందు తడి దూదితో ఒక మూల అద్ది చూడండి.

ప్రశ్న: గోగునారతో కాగితం చేశాం. నెలకే పసుపెక్కింది. ఎందుకు? (గుణుపురం)

జవాబు: గోగునారలో లిగ్నిన్ (మొక్క పీచుని బిగించి ఉంచే పదార్థం) ఎక్కువ, ఎండ తగిలితే రంగు తిరుగుతుంది. అర కిలో ఎండు నారకి 100 గ్రాముల బట్టల సోడా వేసి మూడు గంటలు ఉడికించి, చేతికి జారుడు తగలనంతవరకు కడగండి. అల్యూమినియం గిన్నె వద్దు, సోడాకి కరుగుతుంది. మిక్సీ పీచుని ముక్కలు చేసేస్తుంది, రోకలితో దంచండి. ఇంత చేసినా లిగ్నిన్ అంతా పోదు. ఈ కాగితం పైఅట్టకే, పాత పుటకి తగలనివ్వకండి.

ప్రశ్న: పుస్తకాల్లో చిల్లులు, సన్నటి పొడి. కలరా ఉండలు చాలా? (బరంపురం)

జవాబు: చాలవు. లోపల దాగిన పురుగుని చంపలేవు, ఆ ఆవిరి చదివేవాళ్లకీ మంచిది కాదు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే చల్లటి కాగితంమీద చెమ్మ పడుతుంది. తర్వాత పొడి దులిపేసి, పుస్తకం కింద తెల్లకాగితం పరిచి పెట్టండి. దానిమీద కొత్త పొడి రాలితే మళ్లీ ఫ్రీజరే.