వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఆక్సిజన్ ఎందుకు తగ్గిస్తారు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. న్యుమోనియాతో ఐదు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. మొదట 80 శాతం ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు 40కి తగ్గించారు. మానిటర్‌లో 93 కనిపిస్తోంది. 100 వచ్చేలా పెంచమంటే వద్దంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు రాసిన రెండు అంకెలూ వేర్వేరు. 40 అంటే మెషీన్ పంపే గాలిలో ఆక్సిజన్ శాతం. మనం పీల్చే మామూలు గాలిలో అది 21 మాత్రమే. 93 అంటే రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ పట్టుకుందో వేలి క్లిప్పు చూపే లెక్క. సగం ఆక్సిజన్‌తోనే 93 నిలుస్తోందంటే సాధారణంగా అది మంచి కబురే.

చాలామంది 100 చూసి ఊపిరి పీల్చుకుంటారు. ఐసీయూలో ఆ 100 చూస్తే నాకు అనుమానం. హిమోగ్లోబిన్ నిండిపోయాక క్లిప్పు అంకె ఇక పెరగదు. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 150 ఉన్నా, 400 ఉన్నా అదే 100 చూపిస్తుంది. ఎక్కువైపోతున్న సంగతి బయటపడదు.

ఎక్కువైతే ఏమవుతుంది? గాలిలోని నైట్రోజన్ రక్తంలోకి పెద్దగా పోదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా లోపలే ఉండి ఆసరా ఇస్తుంది. దాని స్థానంలో ఆక్సిజన్ నింపేస్తే రక్తం దాన్ని గబగబా లాగేసుకుంటుంది. కఫం అడ్డుపడిన చోట ఆ గదులు మూసుకుపోతాయి. అదే మోతాదు రోజుల తరబడి సాగితే ఊపిరితిత్తుల పొరలు వాచే ప్రమాదం ఉంది, కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు కూడా మందగిస్తుంది. ఎక్స్‌రేలో ఇదంతా న్యుమోనియా ముదిరినట్టే కనిపించి మమ్మల్నీ తికమక పెడుతుంది.

అలాగని ఎంత తగ్గిస్తే అంత మేలని కాదు. 2025లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం యూకే-రాక్స్‌లో దాదాపు 16,500 మంది వెంటిలేటర్ రోగులను చూశారు. క్లిప్పు అంకెను 90 దగ్గర ఉంచినవారికీ, మామూలు పద్ధతిలో ఆక్సిజన్ ఇచ్చినవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరీ కిందికి దిగితే మెదడుకూ గుండెకూ ముప్పే. అందుకే చాలాచోట్ల ఆ అంకెను 92 నుంచి 96 మధ్య ఉంచుతారు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉంటే 88 నుంచి 92 చాలు.

నాన్నగారిని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. చేతులు చల్లబడినా, చర్మం బాగా నల్లగా ఉన్నా క్లిప్పు అంకె కాస్త తప్పొచ్చు. కాబట్టి రక్తం తీసి ఆక్సిజన్ ఒత్తిడిని నేరుగా కొలిచే ఏబీజీ పరీక్షలో ఎంత వచ్చిందో అడగండి. ఆక్సిజన్ తగ్గించినప్పుడు, గాలి గదులు తెరుచుకుని ఉండటానికి ఇచ్చే పీప్ ఒత్తిడిని పెంచారా అన్నది కూడా కనుక్కోండి. పెంచకుండానే 93 నిలిచిందంటే ఆయన ఊపిరితిత్తులు తేరుకుంటున్నాయనుకోవచ్చు.