సోమవారం ఒక్కపొద్దు ఉంటున్నా మనసులో మార్పు రావడం లేదు, ఎందుకు?

ప్రశ్న: కొన్ని నెలలుగా సోమవారాలు ఒక్కపొద్దు ఉంటున్నాను. పగలంతా పండ్లు, పాలు. చీకటి పడ్డాక భోజనం. మధ్యాహ్నానికల్లా తలనొప్పి, ఇంట్లోవాళ్ల మీద విసుగు. నిజంగా ఆధ్యాత్మికంగా ఎదుగుతున్నానా, ఊరికే కడుపు మాడ్చుకుంటున్నానా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు:

ముందు ఆ తలనొప్పి సంగతి తేల్చేద్దాం. సోమవారం చాయ్ కూడా మానేస్తున్నారా? రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. అది కెఫీన్ చేసే పని. దానికీ భక్తికీ ఏ సంబంధమూ లేదు. మాది హనుమకొండ. మా ఇంటి పెద్దవాళ్లు ఎంత నిష్ఠగా ఒక్కపొద్దు ఉన్నా పొద్దున చాయ్ తాగేవారు, శివుడు కోప్పడిన దాఖలా లేదు. మీ నియమం అందుకు ఒప్పుకోకపోతే ముందు రెండు రోజుల నుంచే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి. ఆకలి కూడా మనం భయపడేంత మొండిది కాదు. గ్రెలిన్ అనే హార్మోన్ రోజూ తినే వేళకు పెరిగి, తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. ఒంటిగంటకు కరకరలాడిన ఆకలి మూడింటికి ఎక్కడికి పోయిందో తెలియదు. ఈ రెండూ తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది.

మిగతా సగమే మీ అసలు ప్రశ్న.

మా వైపు శివరాత్రి ముందు రోజు బజారుకు వెళ్లి చూడండి. కందగడ్డలు, పుచ్చకాయలు, ఖర్జూరాలు, ద్రాక్ష, వాటి చుట్టూ జనం. మామూలు రోజున తిండి గురించి అంతగా ఆలోచించం. ఒక్కపొద్దు రోజున మాత్రం పొద్దున్నే మొదలవుతుంది: ఎన్నింటికి విడవాలి, ఏం వండాలి, సగ్గుబియ్యం నానబెట్టామా, ఉప్మాలో ఉల్లిపాయ వేయొచ్చా. అన్నం మానేసి, రెండు పళ్లేల అటుకులు తిని, దాన్ని ఫలహారం అనుకోవడం మనందరికీ వచ్చిన విద్యే. గీత రెండో అధ్యాయంలో 59వ శ్లోకం చెప్పేది సరిగ్గా ఇదే: ఆహారం మానినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీది రుచి మాత్రం మిగిలే ఉంటుంది, పరమాన్ని దర్శించాకే అదీ పోతుంది. పరమాత్మ దర్శనం నా స్థాయికి మించిన మాట. కానీ కడుపు ఖాళీగా ఉన్నా రుచి కూర్చున్న చోటు నుంచి కదలదన్నది ఎవరైనా ఒక్క సోమవారంలో తెలుసుకోవచ్చు.

నాకు పనికొచ్చిన దారి కార్తీక పురాణంలో దొరికింది. కార్తీక సోమవార వ్రతాన్ని అందులో ఆరు రకాలుగా చెప్పారు: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం. పగలంతా ఉండి రాత్రి నక్షత్రాలు చూశాక తినేది నక్తం. మీరు చేస్తున్నది దాదాపు అదే. కార్తీకంలో మా వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుడి దగ్గర దీపాలు పెట్టి, ఆకాశం చూసి ఇంటికి మళ్లే వాళ్లందరిదీ అదే పద్ధతి. అయాచితాన్ని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. తిండి కోసం మనం ఏ ప్రయత్నమూ చేయకూడదు. ఎవరైనా వాళ్లంతట వాళ్లు పిలిచి పెడితే తినాలి, లేకపోతే లేదు. ఇందులో కడుపు మాడటం గొప్ప కాదు. అడగకపోవడం, ఎంచుకోకపోవడం గొప్ప.

చదివినప్పుడు తేలిగ్గానే అనిపించింది. ఆచరణకు వచ్చేసరికి ఒక చిక్కు. మా ఇంట్లో వంట నాది. ఏం వండాలో నిర్ణయించేదీ, ఉప్పు ఎంతో చూసేదీ, ఎవరికెంతో వడ్డించేదీ నేనే. అలాంటప్పుడు అడగకుండా నాకు పెట్టేదెవరు? ఈ వ్రతం రాసినవాళ్లు వంటింట్లోకి తొంగి చూసినట్టు లేదు. మన ఇళ్లలో ఒక్కపొద్దు ఉన్న ఆడవాళ్లే మిగతా అందరికీ మూడు పూటలా వండి పెడతారు, ఉప్పు రుచి చూడకుండా పొంగును చూసీ వాసనను బట్టీ కూర దించుతారు. నిగ్రహం గురించి ప్రవచనాలు వినాల్సిన అవసరం వాళ్లకు లేదు. వాళ్లకు లేనిదల్లా ఎవరో ఒకరు కూర్చోబెట్టి వడ్డించడం.

అందుకని సోమవారం రాత్రి వంట మా పెద్దబ్బాయికి అప్పగించాను. ఏం చేయాలో నేను చెప్పను, వాడు పెట్టింది తింటాను, కారం గురించి గానీ ఉప్పు గురించి గానీ మాట్లాడను. ఎక్కువగా కిచిడీ, పచ్చిపులుసు. కిచిడీ ఒకసారి ముద్ద, ఒకసారి గింజ. ఇంతకాలం పగలంతా ఏమీ తినకుండా ఉండటంలో నాకు ఎన్నడూ ఎదురుకాని కష్టం, ఆ పళ్లెం ముందు నోరు మూసుకుని కూర్చోవడంలో ఎదురైంది. మొదటి ముద్దకే నాలుక మీద వ్యాఖ్య సిద్ధంగా ఉంటుంది: ‘కాస్త జీలకర్ర పడాల్సింది’. దాన్ని మింగితేనే ముద్ద దిగుతుంది. అక్కడ నా గురించి నాకు ఒక సంగతి తెలిసింది. నాకున్నది తిండి మీద ఆశ కాదు, అంతా నేను అనుకున్నట్టే ఉండాలన్న పట్టు. ఆ పట్టు ఆఫీసులోనూ ఉంది, పిల్లల చదువుల దగ్గరా ఉంది. ఏడాదిగా అది కొంచెం సడలింది. మీరు అడిగిన ఎదుగుదల అంటే ఇదేనో కాదో చెప్పలేను గానీ, ఇంట్లోవాళ్లకు మాత్రం తేడా తెలుస్తోంది.

నెమ్మదిగా నమిలి తినాలి, ప్రతి ముద్దనూ గమనించాలి అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. మంచి మాటే. కానీ మనకు నచ్చినదాన్ని గమనిస్తూ తినడం పెద్ద కష్టం కాదు. మనం ఎంచుకోనిదాన్ని అంతే శ్రద్ధతో తిని చూడండి. టీవీ, ఫోను పక్కన పెట్టండి.

మీ పద్ధతి పూర్తిగా మానమనడం లేదు. నెలలో మూడు సోమవారాలు ఇప్పటిలాగే ఉండి, ఒక్కటి ఇలా చేయండి. కటిక ఉపవాసం వైపు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం 16వ శ్లోకంలోనే ఉంది. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానవద్దు, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులకూ ఇదే మాట. సగ్గుబియ్యం దాదాపు అంతా పిండిపదార్థమే, షుగర్ ఉన్నవాళ్లు దాన్ని ఉపవాసపు తిండి అనుకుని తినకూడదు.

ఇంట్లో వంట మీదే అయితే ముందు ఆ ఒక్క రాత్రి వంట ఎవరిదో మాట్లాడుకోండి. మీది కాకపోతే ఆ రాత్రి మీరు వండి, మీ ఇంట్లో రోజూ వండే మనిషిని కూర్చోబెట్టి వడ్డించండి. ఆ రోజుకు అయాచితం వాళ్లది.