బుజ్జీ, మార్చి నెల సంగతి చెప్పాలి

బుజ్జీ,

నీకు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేయగానే కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నేను 1974లో నల్లమలలో ఫారెస్ట్ గార్డుగా చేరాను. అప్పటికి మన అటవీ చట్టం 1967లో వచ్చి ఏడేళ్లు, వన్యప్రాణుల చట్టం వచ్చి రెండేళ్లు. మా అడవి టైగర్ రిజర్వు అయింది 1983లోనే.

నీళ్లు ఎక్కువ పెట్టుకో. బూట్లు దులిపి తొడుక్కో. దుంగలు దొంగిలించే వాళ్ల వెనక ఒంటరిగా పోకు. ఇవన్నీ ట్రైనింగులో చెప్తారు, నా టెన్షన్ అంతా ఫైర్ లైన్ గురించే, మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఆ పట్టీ గురించే.

జనవరిలో గడ్డి కోసి, ఆకులు ఊడ్చి లైను శుభ్రం చేస్తాం కదా, మార్చి వచ్చేసరికి టేకు, నల్లమద్ది ఆకు దాని మీద మళ్లీ రాలుతుంది. మళ్లీ ఊడవాలి. ఒక ఏడాది మా చెంచు వాచరు పొద్దున్నే వచ్చి "పైన ఆకు పడింది సారూ, పోదాం" అన్నాడు. రేపు చూద్దాం అన్నాను. నాకు జ్వరమేం లేదు, ఎండకు బద్ధకించాను, అంతే. కింద చెట్టు నీడన కూర్చుని "లైను తనిఖీ చేశాను, శుభ్రంగా ఉంది" అని డైరీలో రాసేశాను.

మూడో రోజు మధ్యాహ్నం మంట వాలు మీదుగా పైకెక్కి, నేను చూడని ఆ ముక్క దగ్గరే లైను దాటింది. పచ్చి కొమ్మలతో ఆర్పడానికి అందరికన్నా ముందు ఉరికింది అతనే. రెండు పాదాలూ కాలాయి. మంచం మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోసుకొచ్చాం. తర్వాత విచారణకొచ్చిన అధికారి అడిగితే, నా మొహం చూడకుండా "సారు లైను చూసినారు, గాలి ఎక్కువైంది" అన్నాడు. నేను నోరు మెదపలేదు, ఆ కాగితం కింద సంతకం పెట్టాను. ఆ తర్వాత కుంటుకుంటూనే నాతో బీటు తిరిగాడు, అదే పిలుపు, సారూ అని. మీ నానమ్మకు కూడా ఈ మాట చెప్పలేదు.

ఇప్పుడు మంట లేస్తే ఉపగ్రహం చూసి మీ ఫోన్లకే కబురు పంపుతుందట, మంచిదే. కానీ రాలిన ఆకు సంగతి అది చెప్పదు తల్లీ, నడిచి చూడాల్సిందే. పైన ఆకు పడిందని వాచరు అంటే ఆ పూటే బయల్దేరు. చూడనిది రాయకు, వెళ్లలేకపోతే వెళ్లలేదనే రాయి, పైవాళ్లు తిడితే తిట్టనీ. పొద్దున లేవాలంటే నీకెంత బద్ధకమో నాకు తెలుసు, అది నా పోలికే, అందుకే భయం. కోప్పడుతున్నానని అనుకోకు, ఖాకీ చొక్కాలో నీ ఫోటో చూసి ఎంతసేపు ఏడ్చానో మీ నాన్నను అడుగు.

మార్చిలో నేను మీ క్వార్టర్‌కు వస్తాను. కొండ ఎక్కలేను గానీ సాయంత్రం నువ్వు దిగొచ్చేదాకా గుమ్మంలో కూర్చుంటాను. డైరీ నా ముందే రాద్దువుగాని.

తాత