నది ఒడ్డున కారు కడిగితే తప్పా? ఇంటి దగ్గర తక్కువ నీటితో ఎలా కడగాలి?

ఒడిశాలోని మా గుణుపురంలో ఆదివారం వస్తే వంశధార రేవులోకి కార్లు దింపి కడుగుతుంటారు. పారే నీరే కదా, తప్పేమిటని ఒకరు అడిగారు. తప్పే. సబ్బు నురగ, ఆయిల్ జిడ్డు, బ్రేకుల నుంచి రాలిన లోహపు పొడి నేరుగా ఏట్లో కలుస్తాయి. సబ్బులోని రసాయనాలు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. అదే నీరు దిగువన శ్రీకాకుళం జిల్లాలో గొట్టా బ్యారేజీ నుంచి కాలువల్లో పొలాలకు చేరుతుంది.

ఇంటి దగ్గర బావికి దూరంగా, గడ్డి ఉన్న మట్టినేల మీద కారు నిలపండి. నీరు మురుగుకాలువలోకి పోకుండా ఇంకుతుంది, మట్టి మురికిని కొంత పట్టి ఉంచుతుంది. పైపు వదిలేస్తే పది నిమిషాల్లో వంద లీటర్లు సులువుగా దాటిపోతాయి. రెండు బకెట్లు చాలు: ఒకదానిలో కొద్దిగా కారు షాంపూ, రెండోది గుడ్డ జాడించడానికి.

అసలు ఇబ్బంది మన ఎర్రదుమ్ముతోనే. పొడిగుడ్డతో రుద్దితే అందులోని సన్నటి ఇసుక రంగు మీద గీతలు పెడుతుంది. ముందు మగ్గుతో నీళ్లు పోసి నాననివ్వండి. తరువాత మెత్తటి గుడ్డతో పైకప్పు నుంచి కిందికి తుడుచుకుంటూ రండి, చక్రాలు చివర్లో. గిన్నెల సబ్బు వద్దు, మైనపు పూత పోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో కడిగితే నీటి మరకలు మిగులుతాయి.